గుర్రంపోడు తర్వాత

పొద్దుగాల ఐదింటికి దస్తగిరి ఇంటి ముందట నిలబడి
ఈల వేస్త.
ముప్పై ఒక్క ఏండ్లు నా ఈలకు ఆగిన మనిషి,
నా ఈలకు కదిలిన మనిషి.
బిడ్డ షాహీన్ తలుపు తీసి
"చెప్పులు కుడిదీ ఎడమదీ చూడు చాచా" అంటది.
చూస్త. మార్పిస్త.
రైట్ రైట్.

దేవరకొండ డిపో గోడ పొంటి నడుస్తం.
ఆయన డ్రైవరు, నేను కండక్టరు,
గిప్పుడు బస్సు లేదు, బాట ఉన్నది.
ఏ గుంత ఏడున్నదో చీకట్ల చెప్పెటోడు,
లైట్లు పోయిన రాత్రి డిండి వాగు మీద
వాసన పట్టి బండి దాటించినోడు,
మొన్న మసీదు నుంచి ఇల్లు దొరకక
కూరగాయల మార్కెట్ల కూసున్నడు
చేతిల తాళంచెవి పట్టుకొని,
ఎక్కాల్సిన బండి ఇంకా రాలేదన్నట్టు.

నల్లగొండ దవాఖానల డాక్టరమ్మ
ఇద్దర్నీ పక్కపక్కన కూసుండబెట్టి అడిగింది.
నిద్ర ఎట్ల? బీపీ ఎప్పటిసంది?
షుగరు గోలీలు ఏసుకున్నవా, తప్పినవా?
బీడీలు రోజుకెన్ని? ఎవరితోనన్న మాట్లాడుతవా?
"మంచిగుంటే అసలే రాదని చెప్పలేను,
కొంచెం ఆలస్యంగ రావచ్చు" అన్నది.
ఆలస్యం!
బతుకంత ఆ ఒక్క మాటకే మెమోలు తీసుకున్నం,
గిప్పుడు గదే వరమన్నట్టు చెప్తున్నది.

ఇగ బీడీ. అది మేమే ఎంచుకున్నం, అబద్ధమెందుకు.
కట్ట విప్పుతే సగం ఆయనకు, సగం నాకు.
తలనొప్పి పోంగనే బీపీ గోలీలు బంద్.
చాయ్ల మూడు చెంచాల చక్కెర, పైన ఇంకొంచెం.
గవి మా సంతకాలే.
గని నైటౌటు?
పన్నెండింటికి కల్వకుర్తి బస్టాండుల బండి ఆపి
టాపు మీద దోమలకు తువ్వాల కప్పుకొని
నాలుగింటికి మళ్ల ఇంజను.
డ్యూటీ చార్టు గోడకుండె, అందుల మా పేర్లుండె,
మా ఇష్టం ఉండకపోయె.
నిద్ర ఎన్ని గంటలని డాక్టరమ్మ అడిగితే
దస్తగిరి నా మొకం దిక్కు చూసిండు.

మర్రిగూడ దిక్కు మా అక్క ఈదమ్మ ఉన్నది.
రోజుకు అరగంట నడువుమంటరు ఆమెను గూడ.
బోరునీళ్లు ఎముకలల్ల గడ్డకట్టిన మనిషి
ఏడికి నడవాలె?
మంచంల కూసొని వాడకట్టు పిల్లలకు
పొడుపుకథలు ఏస్తది.
విప్పలేనోళ్ల దగ్గర ఒక్కో చింతగింజ గుంజుకుంటది.
డెబ్బైనాలుగేండ్లకు
కిలోన్నర చింతగింజలు జమజేసింది.
ఆమె నడక గదే.

నా సంగతి అడుగుతే,
ఇంజను డబ్బా మీద కూసొని లెక్కలు రాసీ రాసీ
ఎడమ చెవు సర్కారుకే అప్పజెప్పిన.
చెవుల మెషిను నాలుగేండ్లు వద్దన్న,
ముసలోని లెక్క కనిపిస్తనని.
వినపడకుంటే మెదడు గూడ
ఒక్కొక్క అర్రల దీపం ఆర్పుకుంట పోతదట.
గీ మాట అలివేలు రెండుసార్లు చెప్పింది,
మొదటిసారి నాకు వినపడలే.
ఇప్పుడు పెట్టుకుంటున్న.
పిచ్చుకలు గింత లొల్లి చేస్తయని మర్చిపోయిన.

నడుసుకుంట స్టేజీలు పిలుస్త.
ఆయన కోసమేనని అందరికీ చెప్త.
దేవరకొండ, కొండమల్లేపల్లి, గుర్రంపోడు...

ఇయ్యాల ఆడ్నే ఆగిన.

తర్వాత?
ఎన్ని వేల టికెట్లు చింపిన ఆ ఊరికి.
అంగడి నాడు మేకపిల్లను సీటు కింద దాచిన అవ్వ
దిగేది అక్కడనే.
అవ్వ మొకం యాదికున్నది,
మేక అరుపు గూడ యాదికున్నది,
ఊరు లేదు.
సంచిల చిల్లర కోసం తడిమినట్టు
నోట్ల నాలుక తడుముకుంటున్నది.
పాలబండి పక్కనుంచి పోయింది.
నా ఒళ్లంత చెమట.

దస్తగిరి ఆగలే, నా దిక్కు చూడలే.
ఎడమచేయి లేని గేరు మార్చింది.
"కొప్పోలు" అన్నడు.
"దిగెటోళ్లున్నరా?"

లేరన్న.

మూల మీద చాయ్ హోటలు అప్పుడే తెరిచిండ్రు.
రెండు చాయ్, చక్కెర లేకుంట అని చెప్పిన.
చెప్పిన్నా?
మళ్ల చెప్పిన.